బ్లిట్జ్ ది అంబాసడర్: ఈ ఘానా ర్యాపర్ ఎవరి కోసం పాడాడు?

పాతరికార్డు:
మన ఆఫ్రికా సంగీతం విభాగంలో నైజీరియా గురించి బోలెడు పేజీలున్నాయి, ఘానా గురించి ఒక్కటీ లేదు. అందుకే ఘానాలో సామాజిక స్పృహ ఉన్న ఒక ర్యాపర్‌తో ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను. మనిషి పేరు శామ్యూల్ బజావులే, పాడేటప్పుడు బ్లిట్జ్ ది అంబాసడర్. 1982లో అక్రాలో పుట్టాడు. 2023లో వచ్చిన 'ది కలర్ పర్పుల్' సినిమాకి దర్శకుడు బ్లిట్జ్ బజావులే అని టైటిల్స్‌లో చూసే ఉంటారు. ఆయనే ఈయన. సినిమా చూసినవాళ్లలో చాలామందికి ఆయన వెనక పదిహేనేళ్ల ర్యాప్ ఉందని తెలియదు. నాకు అది బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ పాటలే లేకపోతే ఆ సినిమాలు లేవు.

క్లుప్తంగా చెప్తాను. చదువు అచిమోటా స్కూల్లో. ఘానా పాత అధ్యక్షులు ఎన్‌క్రుమా, రాలింగ్స్ కూడా అక్కడ చదివినవాళ్లే. స్కూలు అయ్యాక 2000 ప్రాంతంలో హ్యామర్ అనే ప్రొడ్యూసర్ దగ్గర 'డీబా' అనే పాట చేశాడు, అక్కడ పేరొచ్చింది. ఇంకొకరైతే ఆ ఊపులోనే ఉండిపోయేవాళ్లు. ఈయన అమెరికా వెళ్లి ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడి నుంచి 2004లో 'సోల్ రెబెల్', 2005లో 'డబుల్ కాన్షస్‌నెస్'. తర్వాత మకాం బ్రూక్లిన్‌కి మార్చాడు. 2009లో 'స్టీరియోటైప్', 2011లో 'నేటివ్ సన్', 2014లో 'ఆఫ్రోపాలిటన్ డ్రీమ్స్', 2016లో 'డయాస్పొరాడికల్'.

రెండో ఆల్బమ్ పేరు దగ్గర కాస్త ఆగాలి. ఆ మాట అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌ది. అమెరికాలో నల్లజాతి మనిషి తనని తాను ఎప్పుడూ ఎదుటివాడి కళ్లతో కూడా చూసుకోవాల్సి వస్తుందని ఆయన రాశాడు. అదే డుబోయిస్ చివరి రోజుల్లో ఎన్‌క్రుమా పిలుపు మీద ఘానా వెళ్లిపోయి, 1963లో అక్రాలోనే చనిపోయాడు. సమాధి అక్కడే ఉంది. అక్రా నుంచి ఒహాయో వెళ్లిన కుర్రాడు, అమెరికా నుంచి అక్రా వెళ్లిన ఆ పెద్దమనిషి మాటని ఆల్బమ్‌కి పెట్టుకున్నాడు. ఈయన తర్వాత చేసిన పని మొత్తానికి దారి అక్కడే పడిందని నా నమ్మకం.

వెన్నెల_వి:
థాంక్స్ అండీ, నేను సినిమా చూసే ఇటు వచ్చాను. ర్యాప్ అంటే నాకు పెద్దగా తెలియదు. ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టమంటారు?

పాతరికార్డు:
'నేటివ్ సన్'తో మొదలుపెట్టండి. అందులో కంప్యూటర్ బీట్ మీద మనిషి గబగబా మాట్లాడటం ఉండదు. ట్రంపెట్లు, శాక్సఫోన్లు ఒక్క గుంపుగా పాటలోకి వచ్చిపడతాయి, కింద డ్రమ్స్ 70ల నాటి నైజీరియా ఆఫ్రోబీట్ సంగీతం నడకలో ఉంటాయి, ఆయన ఆ రెంటి మధ్య చోటు చేసుకుని పాడతాడు. చాలా చోట్ల హారన్ వాయిద్యాలే పల్లవి. ర్యాప్ అలవాటు లేనివాళ్లకి కూడా చెవికి ఇంపుగా ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌తో కాకుండా స్పీకర్లో వినండి, ఆ బ్యాండ్ బలం అప్పుడే తెలుస్తుంది.

ఇంకోటి. చిన్నప్పుడు అమెరికా ర్యాప్ బృందం పబ్లిక్ ఎనిమీ పాటలు విని ర్యాప్ మీద మనసు పారేసుకున్నవాడు ఈయన. ఆ బృందం నాయకుడు చక్ డి ఈ ఆల్బమ్‌లో ఒక పాటలో గొంతు కలిపాడు. గురువు వచ్చి శిష్యుడి పక్కన నిలబడటం కంటే పెద్ద అవార్డు ఏముంటుంది!

బీట్‌పిచ్చి:
@పాతరికార్డు అన్నా, బ్లిట్జ్ అంటే నాకూ గౌరవమే. కానీ 'ఘానాలో సామాజిక స్పృహ ఉన్న ర్యాపర్' అని థ్రెడ్ పెట్టి ముందు ఆయన పేరు చెప్తే ఒప్పుకోలేను. ఆ మాటకి మొదటి హక్కుదారు ఒబ్రాఫోర్.

90ల మధ్యలో రెజ్జీ రాక్‌స్టోన్ లండన్ నుంచి తిరిగొచ్చి, అమెరికా యాస వదిలేసి ఘానాలో ఎక్కువమంది మాట్లాడే ట్వి భాషలో ర్యాప్ చేశాక హిప్‌లైఫ్ మొదలైంది. ఘానా పాత డ్యాన్స్ సంగీతం హైలైఫ్, హిప్‌హాప్ కలిసినది అన్నమాట. దాంట్లోకి 1999లో ఒబ్రాఫోర్ 'పయ్ ము కా' ఆల్బమ్ తెచ్చాడు. ప్రొడ్యూసర్ ఎవరనుకున్నారు? అదే హ్యామర్. ఒబ్రాఫోర్ ట్వి మామూలు వీధి ట్వి కాదు. సామెతలతో, రాజుల కొలువుల్లో పెద్దలు మాట్లాడే పద్ధతిలో ఉంటుంది. దేశం, ఐకమత్యం, పెద్దల మాట అంటూ పాడితే కుర్రాళ్లూ విన్నారు, వాళ్ల నాన్నలూ విన్నారు. అప్పటిదాకా ర్యాప్ అంటే పిల్లల గోల అనుకున్న పెద్దవాళ్లు ఆ క్యాసెట్ తర్వాతే దాన్ని పట్టించుకున్నారు.

బ్లిట్జ్ ఎక్కువగా ఇంగ్లీషులో పాడాడు, రికార్డులు జర్మనీ లేబుల్ నుంచి వచ్చాయి, కచేరీలు ఎక్కువ యూరప్ ఫెస్టివల్స్‌లో. ఆఫ్రికా కష్టాల గురించి బెర్లిన్‌లో పాడితే చప్పట్లు వస్తాయి, సరే. ఘానాలోని కుమాసి ఊరి మార్కెట్‌లో మూటలు మోసేవాడికి అది చేరిందా? నా ప్రశ్న ఇదొక్కటే.

లక్ష్మి_ఒహాయో:
@బీట్‌పిచ్చి గారూ, మూటలు మోసేవాడి కోసం పాడేవాళ్లు కావాలి, కాదనను. దేశం వదిలి వచ్చినవాళ్ల గురించి పాడేవాళ్లు అక్కర్లేదా?

నేను 'ఆఫ్రోపాలిటన్ డ్రీమ్స్' గురించి చెప్తాను. వలస వచ్చిన మనిషి న్యూయార్క్‌లో దిగడంతో మొదలయ్యే ఆల్బమ్ అది. అందులో 'కాల్ వెయిటింగ్' అని ఒక పాట, బెనిన్ దేశపు గాయని ఆంజెలిక్ కీజో పాడిన పల్లవితో. టూర్‌లో ఉన్న మనిషి ఇంటికి ఫోన్ చేయడం, అంతే కథ. ఇంట్లోవాళ్లకి నీ డబ్బూ కావాలి, నువ్వూ కావాలి. నువ్వు ఒకటే పంపగలవు. ఇక్కడ ఉన్న తెలుగువాళ్లలో ఏ ఇంట్లో అడిగినా ఈ ఫోన్ కాల్ తెలుసు. వీడియో కాల్‌లో అమ్మ "తిన్నావా" అని అడిగితే "ఆ తిన్నా" అని అబద్ధం చెప్పే ఆ అర నిమిషం ఉంటుంది చూడండి, ఆ పాటలో నాకు వినిపించేది అదే. ఈ వెలితి కూడా సామాజిక విషయమే. వీసా క్యూలు, కరెన్సీ పతనం, ఊళ్లో ఉద్యోగాలు లేకపోవడం, అన్నీ కలిస్తేనే కదా ఆ ఫోన్ కాల్.

టెమా_శీను:
నమస్తే అందరికీ. ఈ థ్రెడ్ కనబడగానే లాగిన్ అయ్యాను. ఉద్యోగ రీత్యా టెమాలో ఉంటున్నాను. అక్రా పక్కనే, పోర్టు ఉన్న ఊరు.

బీట్‌పిచ్చి గారు చెప్పినదాంట్లో ఒకటి నిజం. ఇక్కడ పాట బతికేది ట్రోట్రోలో. ట్రోట్రో అంటే మన షేర్ ఆటోకి పెద్దన్న లాంటి వ్యాను. డ్రైవరు పక్కన రేడియో, తలుపు దగ్గర వేలాడుతూ మేట్, అంటే కండక్టర్. వాడు "సర్క్, సర్క్, సర్క్" అని అరుస్తుంటాడు, సర్కిల్ అనే జంక్షన్ పేరు అది. ఆ గోలలో ట్విలో నాలుగు మాటలు గట్టిగా చెప్పే పాట వస్తే బండి మొత్తం నవ్వుతుంది, లేదా 'ఊఁ' కొడుతుంది. ఇక్కడి ర్యాపర్ సార్కోడీ పాటలకి అలా అవుతుంది. కరెంటు కోతల కాలంలో, ధరలు మండిపోయిన 2014 ప్రాంతంలో ఆయన 'ఇన్‌ఫ్లేషన్' అని ఒక పాటే చేశాడు. కరెంటు పోవడం, రావడాన్ని ఇక్కడ డుమ్‌సోర్ అంటారు. ఆ కోపం ఎంత దూరం వెళ్లిందంటే 2015 మేలో సినిమా తారలు కూడా రోడ్డు మీదకొచ్చి కొవ్వొత్తులు పట్టుకున్నారు.

బ్లిట్జ్ పాటలు ట్రోట్రోలో నేను వినలేదు. కానీ ఆయన సినిమా సంగతి వేరు. తీరిగ్గా రాస్తాను.

బీట్‌పిచ్చి:
శీను గారూ థాంక్స్. మీరు అక్కడుండి చెప్పిన మాట కాబట్టి దీనికి విలువెక్కువ. రాయండి, ఎదురుచూస్తుంటాను.

సినిమా_సుబ్బు:
శీను గారు చెప్పబోయే సినిమా 'ది బరియల్ ఆఫ్ కోజో' అయితే నేనూ రెండు మాటలు కలుపుతాను. 2018లో తీశాడు. రాసింది ఆయనే, తీసింది ఆయనే, సంగీతమూ ఆయనే. డబ్బులు కొంత జనం దగ్గర ఆన్‌లైన్‌లో చందాలుగా పోగుచేశారు. అమెరికా దర్శకురాలు ఏవా డువర్నే సంస్థ అర్రే దాన్ని తీసుకుంటే 2019 మార్చి 31న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది.

కథ ఎసీ అనే అమ్మాయి చెప్తుంది. నీళ్లలో కర్రల మీద కట్టిన ఇళ్ల ఊళ్లో తండ్రి కోజోతో ఉంటుంది. పశ్చిమ ఘానాలో ఎన్‌జులెజో అని అలాంటి ఊరు నిజంగానే ఉంది. కోజోకి, అన్నదమ్ముడు క్వబేనాకి మధ్య పాత పగ. చివరికి కోజో పాడుబడ్డ బంగారు గనిలో ఇరుక్కుపోతాడు. తండ్రిని వెతుక్కుంటూ వెళ్లే ఆ పిల్లకి తోడు ఒక తెల్ల పక్షి, ఎదురు నిలిచేది కాకి రూపంలో ఉన్న మనిషి. కల ఏదో నిజం ఏదో తెలియనివ్వడు. కానీ గని దగ్గరికి వచ్చేసరికి కల ఉండదు. మట్టి, బురద, ఆకలి, అంతే. భూమి కొన్న చైనా కంపెనీ ఒక పక్క, పొట్టకూటి కోసం దొంగతనంగా తవ్వుకునే ఊరివాళ్లు ఇంకో పక్క.

ర్యాపర్లు సినిమా తీస్తే సాధారణంగా తామే హీరోలవుతారు. ఈయన తెర మీద గొంతు ఒక చిన్న పిల్లకి ఇచ్చాడు. నాకు నచ్చింది అదే.

టెమా_శీను:
అవును, ఆ సినిమాయే. సుబ్బు గారు కథ చెప్పారు కాబట్టి నేను గని సంగతి చెప్తాను.

దొంగతనంగా బంగారం తవ్వడాన్ని ఇక్కడ గలామ్సే అంటారు. ఆఫ్రికాలో బంగారం ఎక్కువగా తీసే దేశాల్లో ఘానా ముందుంటుంది. పెద్ద కంపెనీల గనులు ఒక ఎత్తు, ఈ గుంటలు ఇంకో ఎత్తు. నది ఒడ్డున ఎక్స్‌కవేటర్‌తో గుంట తీస్తారు. ఆ మట్టిని పంపునీళ్లతో కొట్టి, కార్పెట్ పరిచిన వాలు బల్ల మీదుగా వదులుతారు. బరువైన రేణువులు కార్పెట్‌లో చిక్కుకుంటాయి. దాంట్లో పాదరసం పోసి చేత్తో కలుపుతారు, బంగారం దానికి అంటుకుంటుంది. తర్వాత ఆ ముద్దని కాలిస్తే పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. ఆ ఆవిరి పీల్చేది పక్కనే నిలబడ్డ కుర్రాడు. మిగిలిన బురదనీళ్లు నదిలోకి.

ప్రా, అంకోబ్రా, ఆఫిన్ నదులు ఇవాళ చాయ్ రంగులో పారుతున్నాయి. 2024 ఆగస్టులో కేప్ కోస్ట్‌కి నీళ్లిచ్చే ప్లాంట్ గురించి ఘానా వాటర్ సంస్థే ప్రకటన ఇచ్చింది: శుద్ధి చేయగలిగే మడ్డి 2,000 ఎన్‌టీయూ (నీటి మడ్డిని కొలిచే లెక్క) దాకా అయితే, వస్తున్న నీళ్లలో సగటున 14,000 ఉందని. అంటే ఊరికి తాగునీళ్లు ఇవ్వడమే గండం. ఆ సెప్టెంబర్, అక్టోబర్‌లలో అక్రాలో కుర్రాళ్లు రోడ్డెక్కారు, అరెస్టులయ్యాయి. కోకో తోటలు ఉన్న రైతులు కూడా భూమి అమ్ముకుంటున్నారు. కోకో చెట్టు ఏళ్ల తరబడి ఇచ్చేది గుంట ఒక్క సంతకంతో చేతిలో పెడుతుంది మరి.

మా ఆఫీసులో పనిచేసే ఒకాయన సొంతూరు పశ్చిమ ప్రాంతంలోనే. 'కోజో' సినిమా ఆయనే నాకు చెప్పాడు. ఆయన తమ్ముడు గలామ్సేకి వెళ్లేవాడట. "ఆ సినిమాలో మావాణ్ణి దొంగలా చూపించలేదు, మనిషిలా చూపించారు" అన్నాడు. వార్తల్లో వీళ్లు ఎప్పుడూ నేరస్తులే కదా. బ్లిట్జ్ ఇక్కడివాళ్లకి చేరాడా లేదా అన్న ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఇది.

వెన్నెల_వి:
శీను గారూ, పాదరసం చేత్తో కలుపుతారా?! చదువుతుంటేనే భయమేసింది.

టెమా_శీను:
అవునండీ, చాలాచోట్ల గ్లవ్స్ కూడా ఉండవు.

బీట్‌పిచ్చి:
శీను గారి పోస్టు రెండుసార్లు చదివాను. చాలా విలువైన మాటలు. కానీ నా వాదన ఇంకా అలాగే ఉంది, పైగా దీంతో బలపడింది. ఇంటికి చేరింది సినిమా. అది ఎక్కువ భాగం ట్విలో మాట్లాడింది కాబట్టి చేరింది. ఇంగ్లీషు ర్యాప్ చేరలేదు. ఆయనే 'డీబా' రోజుల్లోలా హ్యామర్‌తో ఇంకో రెండు ఆల్బమ్‌లు చేసి ఉంటే ఏమై ఉండేదో అని నాకు ఉంటుంది.

బయటికెళ్లి తిరిగొచ్చిన ఘానా ర్యాపర్లలో ఎమ్.అనిఫెస్ట్‌ని చూడండి. ఆయనా అమెరికాలోనే చదువుకున్నాడు, మినియాపోలిస్‌లో ర్యాపర్‌గా నిలబడ్డాడు. 2011లో 'ఇమిగ్రెంట్ క్రానికల్స్' అని వలస జీవితం మీదే ఆల్బమ్ చేశాడు. తర్వాత అక్రాకి వచ్చేశాడు. ఇంగ్లీషు, పిడ్జిన్ (వీధుల్లో మాట్లాడే కలగలుపు ఇంగ్లీషు), ట్వి కలగలిపి పాడతాడు. 2021 ఆల్బమ్ పేరులో తను పెరిగిన మదీనా పేట పేరే పెట్టుకున్నాడు. తాతగారు జె.హెచ్. క్వబేనా ఎన్కెటియా, ఆఫ్రికా సంగీత శాస్త్రానికి పెద్దదిక్కు. ఆ తాత నీడ మనవడి మాటలో కనిపిస్తుంది. ఇంటికి రావడం అంటే నా దృష్టిలో అదీ.

పాతరికార్డు:
తమ్ముడూ, ఎమ్.అనిఫెస్ట్ గురించి నువ్వన్న ప్రతి మాటా ఒప్పుకుంటాను. ఆయన కోసం ఇంకో థ్రెడ్ పెట్టు, మొదటి కామెంట్ నాదే.

కానీ బ్లిట్జ్‌కి ఇల్లు ఒక్క అక్రా కాదు. ఆయన మొదట్నుంచీ చెప్తున్నది అదే. 'డయాస్పొరాడికల్'తో పాటు తీసిన చిన్న సినిమా చూడు. మూడు భాగాలు, మూడు ఊళ్లు: అక్రా, బ్రూక్లిన్, బ్రెజిల్‌లోని బహియా. బానిస ఓడలు మనుషుల్ని విడదీసిన దారి అది. ఆ దారిలో వెనక్కి నడుస్తూ ఈ మూడు చోట్లా ఉన్నది ఒకే కుటుంబం అంటాడు. ఘానా తీరంలో కేప్ కోస్ట్, ఎల్మినా కోటల్లో బానిసల్ని బంధించిన కొట్లు ఇవాళ్టికీ ఉన్నాయి. ఆ తీరం నుంచి వచ్చిన మనిషి, ఆ ఓడల్లో వెళ్లినవాళ్ల మనవల ముందు బ్రూక్లిన్‌లో పాడితే అది పరాయివాళ్ల ముందు పాడటం అని నేను అనలేను.

2022లో వచ్చిన ఆయన నవల 'ది సెంట్ ఆఫ్ బర్న్ట్ ఫ్లవర్స్' కూడా ఇదే దారి. 60లలో అమెరికా నుంచి పారిపోయిన నల్లజాతి జంట ఘానాకి వస్తారు, వాళ్ల ఆశ ఎన్‌క్రుమా. అక్కడ ఒక హైలైఫ్ గాయకుడు కథలోకి వస్తాడు. 1966 ఫిబ్రవరి 24న ఎన్‌క్రుమాని సైన్యం దించేసిందని తెలిసినవాళ్లకి పేజీ తిప్పుతుంటే గుండె దడ పుడుతుంది.

సినిమా_సుబ్బు:
ఈ మాటకి 'కలర్ పర్పుల్' సరిగ్గా సరిపోతుంది. 2020లో బియాన్సేతో 'బ్లాక్ ఈజ్ కింగ్' దర్శకుల్లో ఒకరు కాబట్టే హాలీవుడ్ ఆ అవకాశం ఇచ్చిందని చాలామంది అంటారు. కావచ్చు. కానీ ఆలిస్ వాకర్ నవల, స్పీల్‌బర్గ్ 1985లోనే సినిమాగా తీసిన కథ, ఆపైన బ్రాడ్‌వే నాటకం. ఇంతమంది మోసిన కథలో కొత్తగా ఏం చేస్తాడని నాకు అనుమానంగా ఉండేది.

ఆయన చేసింది కథానాయిక సీలీ తలలోకి కెమెరా పట్టుకెళ్లడం. దెబ్బలు తిని నోరెత్తని మనిషి లోపల ఎంత పెద్ద లోకం ఉందో చూపించాడు. గాయని షగ్ స్నానం చేసే సీన్ గుర్తుందా? ఒక్కసారిగా గది మాయమై, ఇల్లంత గ్రామఫోన్ వస్తుంది, తిరుగుతున్న రికార్డు మీద నిలబడి సీలీ పాడుతుంది. ర్యాప్ పుట్టిందే తిరుగుతున్న రికార్డు మీద. వేరే దర్శకుడికి ఆ ఊహ రాదు. చూడగానే ఇది బ్లిట్జ్ సినిమా అని చప్పట్లు కొట్టాను.

అమెరికాలో క్రిస్మస్ రోజు విడుదలై ఆ ఒక్కరోజే దాదాపు 1.8 కోట్ల డాలర్లు చేసింది. సోఫియాగా చేసిన డానియెల్ బ్రూక్స్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. సినిమాకి ఇంకా రావాల్సింది, నా ఉద్దేశంలో దర్శకుడికి అన్యాయమే జరిగింది.

లక్ష్మి_ఒహాయో:
ఇంకో సంగతి ఎవరూ అనలేదు. 'స్టీరియోటైప్' నుంచి ఆయన రికార్డులు తన సొంత సంస్థ ఎంబసీ ఎమ్‌వీఎమ్‌టీ పేరుతో నడిచాయి. ఆఫ్రికా నుంచి వచ్చిన ర్యాపర్‌ని, వెనక హారన్ బ్యాండ్ పెట్టుకుని పాడేవాణ్ణి అప్పట్లో అమెరికా రేడియో ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక పక్కన పెట్టేది. ఇప్పుడు ఆఫ్రోబీట్స్ అనే ఆఫ్రికా పాప్ పాట ప్రతి పెళ్లిలో మోగుతోంది. 2009లో ఆ పరిస్థితి లేదు. అంతమంది వాయిద్యగాళ్లకి టికెట్లు, భోజనాలు, జీతాలు చూసుకుంటూ ఊరూరా తిరిగాడు. యూరప్ ఫెస్టివల్స్‌లో పాడాడని @బీట్‌పిచ్చి గారు అన్నారు, మరి పిలిచి డబ్బిచ్చింది వాళ్లే కదా. ఆ బ్యాండ్ బతకడానికి ఇంకో దారి ఏముంది?

బీట్‌పిచ్చి:
@లక్ష్మి_ఒహాయో గారూ, బ్యాండ్ ఖర్చు గురించి చెప్పినది న్యాయమే. ఆ కష్టాన్ని తక్కువ చేయను.

నేను పట్టుబట్టేది ఎందుకో చెప్తాను. ఘానాలో ఎదిగిన ప్రతి మంచి గొంతునీ బయటి ప్రపంచం ఎత్తుకెళ్లిపోతుంది, లేదా అడగకుండా వాడుకుంటుంది. ఒబ్రాఫోర్ 2003 పాట రీమిక్స్‌లోని ముక్కని కెనడా ర్యాపర్ డ్రేక్ 2022లో వాడాడని, అనుమతి ఇవ్వకముందే విడుదల చేశాడని ఒబ్రాఫోర్ 2023లో అమెరికా కోర్టుకెళ్లాడు. కోటి డాలర్ల దావా. బంగారం లాగే పాటలు కూడా తవ్వుకుపోతున్నారు అనిపిస్తుంది నాకు. అందుకే ఇంట్లో ఉండి, ఇంటి భాషలో పాడినవాళ్ల పేరు ముందు చెప్పమంటాను.

టెమా_శీను:
ఈ మాట ఇక్కడి కుర్రాళ్లతో అంటే మీకు దండ వేస్తారు బీట్‌పిచ్చి గారూ. ఒబ్రాఫోర్ అంటే ఇక్కడ ఇప్పటికీ అంత గౌరవం. ఇప్పటివాళ్లలో బ్లాక్ షెరిఫ్ వినండి, కొనోంగో అనే గనుల ఊరి కుర్రాడు. 2021లో 'సెకండ్ సెర్మన్'తో ఘానా మొత్తం ఊపేశాడు. పాటలో ఊరి కుర్రాళ్ల ఆశ, భయం రెండూ ఉంటాయి.

వెన్నెల_వి:
'నేటివ్ సన్' మొత్తం విన్నాను, స్పీకర్లోనే. 'అక్వాబా' దగ్గర ఆగిపోయి మళ్లీ మళ్లీ పెట్టుకున్నాను. ఇప్పుడు 'కోజో' చూడాలి. దాని తర్వాత 'పయ్ ము కా' వింటాను, ట్వి రాకపోయినా పర్వాలేదు కదా?

బీట్‌పిచ్చి:
ఏం పర్వాలేదు. ముందు ఆ గొంతు వినండి. ఒక్కో పాటలో ఏం చెప్తున్నాడో తెలిసినంత వరకు నేను ఇక్కడే రాస్తాను, తప్పిపోయినవి శీను గారు వాళ్ల ఆఫీసాయన్ని అడిగి చెప్తారు.

టెమా_శీను:
తప్పకుండా. సోమవారం అడుగుతాను.